లేని థర్మామీటరు

ఆ మాటలు టైపు చేసింది నేనే. ఇంకెవరి చేతులైనా అయితే విరగ్గొట్టి ఉండేదాన్ని. నా ఖర్మ కాలి అవి నా చేతులే అయ్యాయి.

"జులై రెండో వారంలో తట్టు సోకి మరణించిన పదమూడు నెలల బాలిక విషయంలో తల్లి నిర్లక్ష్యమే కారణమని నిర్ధారణ అయింది. టీకా కార్డులోని నమోదు నమ్మదగినదిగా లేదు." ఇంతే. బాలిక పేరు లేదు, తల్లి పేరు లేదు. పేర్లు రాయకపోవడం మా విభాగం మర్యాద. కానీ ఆ వారంలో ఊళ్లో తట్టుతో పోయిన పిల్ల ఒక్కతే. అది మా చెల్లెలి చిన్నకూతురు. నేను దానికి పెద్దమ్మని.

నేను పనిచేసేది ప్రజారోగ్య విభాగంలో. వ్యాధులు రాకముందే ఆపాలని పుట్టిన ఆఫీసు మాది. చేతులు కాలకముందే ఆకులు పట్టుకోవాలన్నమాట. ప్రతి శుక్రవారం మా దగ్గర్నుంచి నాలుగు పేజీల కాగితం ఒకటి బయటికి వెళుతుంది. ఏ జబ్బు ఎంతమందికి వచ్చింది, ఏ టీకా ఎప్పుడు వేయించాలి, పాత నియమం ఏది మారింది, అన్నీ అందులో ఉంటాయి. ఆస్పత్రుల్లో, బడుల్లో, మందుల షాపుల్లో గోడకి అంటిస్తారు. దాని అసలు పేరు ఇంత పొడుగు. అందరూ వారం కాగితం అంటారు. పదకొండేళ్లుగా దాన్ని కూర్చేది నేను.

అందులో ఏం ఉండాలో చెప్పేది మా ఉప సంచాలకుడు. ఆయన ఏ మాట మొదలుపెట్టినా శాతంతో మొదలుపెట్టి శాతంతోనే ముగిస్తాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని శాతం సారు అంటుంది. ఇంట్లో కూర ఎలా ఉందని భార్య అడిగినా ఎనభై రెండు శాతం బాగుందని చెబుతాడని మాలో మేం నవ్వుకునేవాళ్లం. ఆయన వేలితో చూపించి చెప్పిన ఆ రెండు వాక్యాల దగ్గర నా చేతులు ఆగిపోయాయి.

పాపకి టీకా వేయించింది మా ఆఫీసు కింది అంతస్తులో ఉన్న టీకాల గదిలోనే. మార్చి ఎనిమిదో తారీఖున. మా చెల్లెలు సూది చూడలేనని మొహం తిప్పుకుంటే పాపని ఒళ్లో పెట్టుకుని తొడ కదలకుండా పట్టుకున్నది నేను. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అదే సారుతో చెప్పాను. నేనే పట్టుకున్నాను సార్, నా కళ్లముందే వేశారు అన్నాను. మీరు బంధువులు, మీ సాక్ష్యం చెల్లదు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నాకేదో మేలు చేస్తున్నట్టు చెప్పాడు.

"చూడండమ్మా. టీకా వేసినా పిల్ల పోయిందని రాస్తే రేపు ఒక్క తల్లీ మన గుమ్మం ఎక్కదు. ఒక తల్లి మీద మాట పడితే పడింది. లక్షమంది పిల్లలు బతుకుతారు. ఇది పాలసీ."

లెక్క బాగానే ఉంది. ఆ ఒక్క తల్లి మా చెల్లెలు కావడమే ఇబ్బంది. నేను టైపు చేయనంటే పక్క కుర్చీలో వాడు చేస్తాడు. నా ఉద్యోగం పోతుంది. పాప పోయినప్పట్నుంచీ చెల్లెలు, పెద్దపిల్లతో సహా, నా ఇంట్లో, నా జీతం మీద ఉంది. టైపు చేశాను. చేస్తూ ఉన్నంతసేపూ మనసులో ఒకటే అనుకున్నాను. వీణ్ణి నలుగురిలో నిలబెట్టి, నోరు పెగలకుండా చేయకపోతే నేను నేను కాదు.

ఆ శుక్రవారం కాగితం గోడలకెక్కింది. శనివారానికల్లా వీధి వీధంతా మా చెల్లెలివైపు చూసి చూడనట్టు వెళ్లడం మొదలుపెట్టింది. దాని అత్తగారు కాగితం చదివి, ఆరేళ్ల పెద్దపిల్లని బ్యాగు సర్ది తన ఇంటికి తీసుకుపోయింది. బిడ్డని చంపుకున్నదాని దగ్గర ఇంకో బిడ్డని వదలనని మొహం మీదే చెప్పింది. చెల్లెలి మొగుడుగారు కుక్కిన పేనులా పక్కన నిలబడ్డాడు. అత్తయ్యా, కార్డు చూడండి, ముద్ర చూడండి అని చెల్లెలు కార్డు చాపితే, అది దొంగ కార్డని గవర్నమెంటే రాసింది కదమ్మా అంది. గవర్నమెంటు అంటే ఎవరు? శాతం సారు, నేనూ.

చెల్లెలు బట్టల దుకాణంలో కాజాలు కుట్టే పని చేసేది. పాప పోయాక అదీ మానేసింది. నా రెండు గదుల ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని పెద్దపిల్ల బడి వదిలే టైము కోసం చూసేది. టైము కాగానే వెళ్లి బడి ఎదురుగా రోడ్డు అవతల నిలబడేది. పిల్లని నాయనమ్మ చేయి పట్టుకుని తీసుకెళుతుంటే చూసి తిరిగి వచ్చేది. అలా ఆగస్టు గడిచింది, సెప్టెంబరు గడిచింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని చిన్నప్పట్నుంచీ అందరూ అనేవారు. ఈసారి అది ముక్కు మీద లేదు. కడుపులో కుదురుగా కూర్చుంది.

అక్టోబరు ఆరో తారీఖు, మంగళవారం. నవంబరులో జరిగే వార్షిక సభ కోసం ఏడాది కాగితాలన్నీ ఒకచోట కూరుస్తున్నాను. ప్రతి మూడు నెలలకి చివరి పేజీలో పరికరాల పరీక్ష అని ఒక పట్టిక వేస్తాం. ఏ తూకం, ఏ థర్మామీటరు సరిచూడ్డానికి ప్రయోగశాలకి వెళ్లింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్న లెక్క. దాన్ని చదివే మనిషి ఈ భూమ్మీద లేడు. టైపు చేసిన నేనే చదవలేదు. ఆ రోజెందుకో కళ్లు అక్కడ ఆగాయి. "కింది అంతస్తు టీకాల గది, ఫ్రిజ్ థర్మామీటరు: పంపినది మార్చి 3, తిరిగి చేరినది మార్చి 12."

మార్చి ఎనిమిదిన పాపకి టీకా వేసినప్పుడు ఆ ఫ్రిజ్‌లో థర్మామీటరు లేదన్నమాట.

గబగబా కిందికి దిగి మార్చి నెల చార్టు అడిగాను. టీకాలు పెట్టే ఫ్రిజ్ తలుపుకి ఒక చార్టు తగిలించి ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి ఎన్ని డిగ్రీలుందో అందులో రాయాలి. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే టీకా బాగున్నట్టు. ఎక్కువైతే పాడైపోతుంది. పాడైన టీకా చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది, సూది గుచ్చితే పిల్ల అలాగే ఏడుస్తుంది, ముద్రా అలాగే పడుతుంది. లోపల పనిచేయదు, అంతే తేడా.

మార్చి చార్టులో ముప్పై ఒక్క రోజులూ నిండుగా ఉన్నాయి. థర్మామీటరు లేని తొమ్మిది రోజులూ ఐదు డిగ్రీలు, ఐదు డిగ్రీలు, నాలుగున్నర, ఐదు. అన్నీ ఒకే పెన్ను, ఒకే రాత, ఒకే వాలు. మా దగ్గర అందరూ చేసే పనే ఇది. నెలాఖరున ఒకచోట కూర్చుని, టీ తాగుతూ, అరవై రెండు గళ్లూ ఒక్క ఊపులో నింపేస్తారు. ఫ్రిజ్ బాగుంటే ఎప్పుడూ ఐదే ఉంటుంది కదా అని ధీమా. థర్మామీటరు ఊరికి వెళ్లిందన్న సంగతి గళ్లు నింపేవాళ్లకి గుర్తుండదు. గుర్తున్నది ఆ చివరి పేజీ పట్టికకి ఒక్కదానికే.

అసలు ముత్యం కింద ఉంది. మార్చి తొమ్మిదో తారీఖు గడి పక్కన ఆకుపచ్చ సిరాతో: "స్వయంగా తనిఖీ చేశాను. 4.8 డిగ్రీలు." కింద శాతం సారు సంతకం. ఊరికే సంతకం పెడితే పెద్దమనిషితనం ఎలా తెలుస్తుంది? పాయింటు ఎనిమిది కూడా కళ్లతో చూశానని రాసుకున్నాడు, లేని థర్మామీటరులో. ఆ గడి చూసి నాకు నవ్వొచ్చింది. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాను.

టీకాల సిస్టరు నా మొహం చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి, పాపకి సూది వేసింది ఆవిడే, పోయిందని తెలిసి కూలబడి ఏడ్చిందీ ఆవిడే. తలుపు మూసి అడిగితే అంతా కక్కేసింది. ఆ తొమ్మిది రోజుల్లో మూడోరోజే ఫ్రిజ్ మోటారు మొరాయించింది. లోపల చేయి పెడితే వెచ్చగా తగిలింది. సారుకి ఫోన్ చేస్తే, టీకాలు ఆపితే నెల శాతం పడిపోతుంది, తలుపు తీయకుండా ఉంచు, చల్లగానే ఉంటుంది అన్నాడట. మెకానిక్కు వచ్చింది పదమూడున. నెలాఖరున చార్టు నింపి పంపమని సారే కబురు పెట్టాడు. ఆవిడ నింపింది. ఆయన సంతకం పెట్టాడు.

రిజిస్టరు తీసి లెక్కపెట్టాను. ఆ రోజుల్లో ఆ ఫ్రిజ్‌లోని తట్టు టీకా వేయించుకున్న పిల్లలు, మా పాప కాక, నలభై ఏడుమంది. నలభై ఏడు పేర్లు, నలభై ఏడు చిరునామాలు. నాకు అవి నలభై ఏడు రాళ్లలా కనిపించాయి. ఒక్కొక్కటీ తీసి ఆయన నెత్తిన వేయొచ్చు.

"అమ్మాయ్, ఈ పిల్లలందరికీ మళ్లీ వేయాలి" అంది సిస్టరు. "వీళ్లకి టీకా వేసినట్టు కాదు. పెద్ద డాక్టరమ్మకి ఇవాళే చెప్పేద్దాం. నా ఉద్యోగం పోతే పోయింది."

పెద్ద డాక్టరమ్మ అంటే మా సంచాలకురాలు, రెండు నెలల్లో దిగిపోబోతోంది. ఆ కుర్చీలో కూర్చోబోయేది శాతం సారే. ఇప్పుడు వెళ్లి చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆవిడ ఆయన్ని గదిలోకి పిలుస్తుంది. ఆయన అరగంటలో కొత్త చార్టు పుట్టిస్తాడు. తప్పంతా సిస్టరు మీదికి తోస్తాడు, విచారణ అని ఒక కమిటీ వేయిస్తాడు, ఆ కమిటీలో తనే కూర్చుంటాడు. గుట్టుగా మొదలైంది గుట్టుగానే ముగుస్తుంది. నా చెల్లెలి మీద పడ్డ మాట గోడ మీద పడింది. ఆయన మీద పడాల్సింది కూడా నలుగురి ముందే పడాలి.

సభ నవంబరు ఇరవై నాలుగున. ఊళ్లోని డాక్టర్లు, బడుల హెడ్మాస్టర్లు, పేపరువాళ్లు వస్తారు. "టీకా: తల్లిదండ్రుల బాధ్యత" అని కొత్త పాలసీ పుస్తకం ఆయన చేతులమీదుగా విడుదల. అక్కడే ఆయన్ని కాబోయే సంచాలకుడని ప్రకటిస్తారు. తెర మీద వేసే బొమ్మలన్నీ తయారుచేసేది నేను. ఇంతకన్నా ఏం కావాలి? సిస్టరుతో సభ దాకా ఆగమని చెప్పాను. ఏడు వారాలే కదా అన్నాను. ఆవిడ చేతులు నలుపుకుంటూ, ఏడు వారాలంటే తక్కువా అంది. మీరు నోరు విప్పితే ముందు పోయేది మీరే, నేను చెప్పినట్టు వినండి అని బెదిరించాను. అవును, బెదిరించాను. ఆవిడ భయస్తురాలని నాకు తెలుసు.

ఇంటికి వెళ్లి చెల్లెలితో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. అది లేచి చెప్పులు వేసుకుంది. ఆ కాగితాలు ఇవ్వక్కా, అత్తయ్యకి చూపించి పిల్లని తెచ్చుకుంటాను అంది. ఇవ్వనన్నాను. మీ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, సారు జాగ్రత్తపడతాడు అన్నాను.

"నాకు సారు ఎందుకక్కా?" అంది. "నాకు నా పిల్ల కావాలి."

వస్తుంది, సభ అయిన మర్నాడే వస్తుంది అన్నాను. చెప్పులు విప్పి మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. ఆ ఏడు వారాలూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అలిగిందిలే, పనైపోయాక తనే అర్థం చేసుకుంటుంది అనుకున్నాను. చార్టు నకలూ, ప్రయోగశాల నుంచి తెప్పించిన థర్మామీటరు రసీదు నకలూ నా బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాను. రోజూ తాళం తీసి ఒకసారి చూసుకునేదాన్ని.

ఆఫీసులో నా అంత వినయం గలవాళ్లు ఇంకెవరూ లేరు. సార్ టీ, సార్ ఫైలు, సార్ ఈ శాతం ఎర్ర రంగులో వేద్దామా, నీలంలో వేద్దామా. ఆయన నేను దారికొచ్చానని మురిసిపోయాడు. మనిషన్నాక కాలంతోపాటు మరిచిపోవాలమ్మా అని సుద్దులు కూడా చెప్పాడు. తల ఊపాను. ఇంత తియ్యగా ఊపడం నాకు వచ్చని నాకే తెలియదు. అక్టోబరు చివర్లో సిస్టరు ఒకసారి పైకి వచ్చి, మన వాడలో తట్టు మళ్లీ కనిపిస్తోందట అమ్మాయ్ అని గొణిగింది. ఇంకా నాలుగు వారాలు ఓర్చుకోండి అని పంపేశాను. ఆ శుక్రవారం కాగితంలో నేనే టైపు చేశాను, తట్టు కొత్త కేసులు మూడు అని. మూడు అంకె కొట్టి తర్వాతి వరసకి వెళ్లాను.

సభ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. శాతం సారు కొత్త కోటు వేసుకుని వేదికెక్కాడు. తొంభై ఆరు శాతం పిల్లలకి టీకాలు అందాయి, మిగతా నాలుగు శాతం తల్లుల నిర్లక్ష్యం అన్నాడు. చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగండి అనగానే నేను లేచాను. ఆఫీసువాళ్లు అడగరు, అది మా దగ్గర ఆనవాయితీ కాదు. అందుకే అందరూ నావైపు తిరిగారు.

"సార్, కింద టీకాల గదిలో ఫ్రిజ్‌ని మార్చి తొమ్మిదిన మీరే స్వయంగా తనిఖీ చేశారా?"

"ప్రతి ఫ్రిజ్ తలుపూ నా చేత్తో తీసి చూస్తాను" అన్నాడు, హాలంతా వినేలా. "థర్మామీటరు నా కళ్లతో చూడందే సంతకం పెట్టను."

నా చేతిలో ఉన్న మీట నొక్కాను. ఎడమవైపు చార్టు, ఆకుపచ్చ సిరా. కుడివైపు రసీదు, మార్చి మూడు నుంచి పన్నెండు దాకా ఆ థర్మామీటరు ప్రయోగశాల బల్ల మీద ఉందన్న రసీదు. ఒక్క ముక్క కూడా ఎక్కువ మాట్లాడలేదు. జనం చదవడానికి కొంతసేపు పట్టింది. ముందు వరసలో ఒక డాక్టరు గట్టిగా నవ్వాడు, తర్వాత ఎవరో లేచి అడగడం మొదలుపెట్టారు, పేపరువాళ్లు ముందుకి దూసుకొచ్చారు. సారు నోరు తెరిచాడు, మూశాడు. పక్కన సిస్టరు లేచి నిలబడి ఫోన్‌లో ఆయన ఏమన్నాడో చెప్పేసింది. పెద్ద డాక్టరమ్మ పాలసీ పుస్తకాల కట్ట విప్పొద్దని సైగ చేసింది.

అబ్బ, ఆ రోజు నాకు ఎంత హాయిగా ఉందో! అబద్ధం ఎందుకు చెప్పాలి. కాళ్లు నేల మీద ఆనలేదు. మర్నాడు ఆయన్ని సస్పెండ్ చేశారు. సిస్టరుని విచారణ తేలేదాకా సెలవు మీద పంపారు. శుక్రవారం కాగితం మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, ఆ తల్లి తప్పేమీ లేదని, కార్డు నిజమైనదేనని, తప్పు విభాగానిదని వేశాం. టైపు చేసింది నేనే. ఒక ప్రతి తీసుకెళ్లి చెల్లెలి అత్తగారుండే భవనం లిఫ్టులో అద్దం పక్కన అంటించాను. జిగురు డబ్బా సగం ఖాళీ చేశాను, ఎవరూ పీకలేకుండా. ఆ సాయంత్రం అత్తగారే పిల్లని తీసుకొచ్చి గుమ్మంలో వదిలి, తల దించుకుని వెళ్లిపోయింది. చెల్లెలు పిల్లని పట్టుకుని ఎంత ఏడ్చిందో చెప్పలేను. నన్ను మాత్రం పట్టుకోలేదు. పిల్ల జుట్టు దువ్వుతూ, ఏడు వారాల్లో రెండంగుళాలు పెరిగింది చూడక్కా అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది గానీ, గెలిచిన సంబరంలో పట్టించుకోలేదు.

ఆ నలభై ఏడుమంది పిల్లలకీ మళ్లీ టీకా వేయాలని ఇంటింటికీ కబురు వెళ్లింది. వారంలో నలభై ఆరుగురు వచ్చారు. కొత్త ఫ్రిజ్, కొత్త థర్మామీటరు, కొత్త సిస్టరు. నేను పక్కన నిలబడి పేర్లు కొట్టేస్తున్నాను. ఒక్క పేరు మిగిలింది.

ఆ పేరు గల పిల్లాణ్ణి ఎత్తుకుని వాళ్లమ్మ తర్వాతి సోమవారం పొద్దున పైకి, నా బల్ల దగ్గరికే వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. బస్సు టికెట్లు కొట్టే కండక్టరు, డ్యూటీ చొక్కాతోనే ఉంది. పేపర్లో నా ఫోటో చూసిందట. పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరే కదా మేడం బయటపెట్టింది. నేనేదో తప్పు చేశానని మా ఇంట్లో అందరూ నన్నే అనేవారు. మీ వల్ల తలెత్తుకున్నాను."

పిల్లాడికి టీకా వేయించడానికి వచ్చారా అని అడిగాను. అక్కర్లేదు మేడం, వచ్చేసింది కదా తట్టు అంది. అక్టోబరు ఇరవై తొమ్మిదిన జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళితే తట్టన్నారు. ఒళ్లంతా పొక్కింది. తర్వాత మెదడుకి ఎక్కిందన్నారు. పదహారు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ప్రాణం దక్కింది. చెవులు పోయాయి. ఆవిడ మాట్లాడుతుండగా పక్క గదిలో ఎవరో ఇనప బీరువా తలుపు ధడాలున వేశారు. నేను ఉలిక్కిపడ్డాను, ఆవిడ ఉలిక్కిపడింది. పిల్లాడు నా బల్ల మీది క్లిప్పులతో ఆడుకుంటూనే ఉన్నాడు.

ఇరవై తొమ్మిది. ఆ వారం నేను కొట్టిన మూడు అంకెలో వీడు ఒకడు.

"మీకు ఎప్పుడు తెలిసింది మేడం?" అంది. మామూలుగానే అడిగింది. ధన్యవాదాలు చెప్పేవాళ్లు ఇంకేదో మాట కలపాలని అడుగుతారే, అలా.

సభకి రెండు రోజుల ముందు అనొచ్చు. ఎవరికీ తెలియదు. సిస్టరు సెలవులో ఉంది, చెల్లెలు చెప్పదు. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆ పిల్లాడు క్లిప్పులన్నీ ఒక వరసలో పేర్చి, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశాడు.

"అక్టోబరు ఆరున" అన్నాను.

ఆవిడ నా చేతులు వదిలేసింది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. టికెట్లు లెక్కపెట్టే అలవాటున్న చేతులు, తొందరగానే తేలింది. ఇరవై మూడు రోజులు అంది. నేను చెప్పుకొచ్చాను. మా పాప సంగతి, చెల్లెలి సంగతి, ముందే చెబితే సారు తప్పించుకునేవాడన్న సంగతి, సభ సంగతి. చెబుతుంటే నాకే వినిపిస్తోంది, ఒక లక్షమంది కోసం ఒక తల్లి అని ఆ రోజు ఆయన చెప్పినప్పుడు ఆ గొంతు ఎంత నమ్మకంగా ఉందో, నా గొంతూ అంత నమ్మకంగానే ఉంది. మధ్యలో ఆపేశాను.

"మళ్లీ వేయాలని మీకు తెలీదా?"

"తెలుసు. సిస్టరు ఆ రోజే చెప్పింది. నేనే ఆగమన్నాను."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది, ఎదురు చెప్పడానికి నాకూ ఏదో ఒకటి దొరికేది. పిల్లాణ్ణి బల్ల మీంచి ఎత్తి చంకనేసుకుంది. ఖాళీ చేత్తో నా బల్ల మీది తెల్లకాగితాల కట్టలోంచి ఒకటి లాగి నా ముందు పెట్టింది.

"ఇదంతా రాసివ్వండి" అంది. "తారీఖులతో. సిస్టరు చెప్పిందని కూడా."

తల ఎత్తి ఆవిడ కళ్లలోకి చూశాను. నాకు ఆ చూపు కొత్త కాదు. ఏడు వారాలు బీరువా తలుపుకున్న అద్దంలో రోజూ చూసిందే. దాన్ని బుజ్జగించడం కుదరదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

రాశాను. ఏ రోజు తెలిసింది, ఎవరు చెప్పారు, ఎవర్ని బెదిరించాను, ఎందుకు ఆగాను, అన్నీ. పదకొండేళ్లలో ఇంత సూటిగా ఒక్క పేజీ రాయలేదు. కింద నా పేరు, హోదా రాసి సంతకం పెట్టాను. ఆవిడ నిలబడే రెండుసార్లు చదువుకుంది, మడిచి టికెట్ల సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"మీ చెల్లెలి పాప సంగతి పేపర్లో చదివి ఏడ్చాను మేడం. ఇప్పటికీ బాధగానే ఉంది" అంది. "అయినా మిమ్మల్ని వదలను."

వదలొద్దమ్మా అన్నాను. పెద్ద డాక్టరమ్మ గది ఎటని అడిగితే, వరండా చివర ఎడమవైపు అని నేనే చూపించాను.